నెత్తిగాయానికి కంటిచుక్కలు

లింగమూర్తికి ఎవరైనా “మంచిగున్నది” అంటే పడదు. అది అతని బతుకుదెరువు నేర్పిన గుణం.

ముప్ఫై ఏళ్ల కింద జగిత్యాల దిక్కు నుంచి సూరత్ వచ్చినప్పుడు అతను సాంచాలనే మరమగ్గాలు నడిపే నేతగాడు. గత పద్దెనిమిదేళ్లుగా మాత్రం సలాబత్‌పురాలో ఒక సేఠ్ గోదాములో బట్ట చూసే పని. కారఖానాల నుంచి ఇంకా రంగు పడని ముడిబట్ట నూరు మీటర్ల చుట్టలుగా, అంటే తాకాలుగా వస్తుంది. కింద ట్యూబులైట్లు వెలిగే వాలు గాజుబల్ల మీద దాన్ని లాగుతూ చూడాలి. పడుగులో పోగు తెగినా, పేకలో సందు పడినా, నూనె మరక ఉన్నా అక్కడ సుద్దతో గీత పెట్టాలి. కారఖానా మనుషులు తాకా దించుతూ “ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ మాల్, లింగూభాయ్” అంటారు. ఆ మాట విన్న తాకాను లింగమూర్తి రెండుసార్లు లాగుతాడు. దోషం లేని తాకా ఉండదని అతని నమ్మకం. దొరకలేదంటే చూసినవాడు సరిగ్గా చూడలేదని లెక్క.

అట్లాంటి మనిషికి తన కంటికి కనబడని చోట, నడినెత్తిన గాయమైంది.

దాని మొదలు పాతది. సాంచాల మీద పనిచేసే రోజుల్లో పక్క సాంచె నుంచి పేక నూలు మోసే నాడె ఎగిరొచ్చి నెత్తికి తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జుట్టు ఊడినా మచ్చ మిగిలింది. అప్పుడప్పుడు పక్కు కట్టేది, రాలేది. లాక్‌డౌన్ పెట్టిన ఏడాది అది పక్కు రాలడం మానేసి పెరగడం మొదలుపెట్టింది. దవాఖానకు పోదామంటే దవాఖానలన్నీ కరోనావే. చివరికి 2021 మే నెలలో చూపించుకుంటే చర్మం క్యాన్సర్ అన్నారు. కోసి తీసేశారు. అంచుల దాకా శుభ్రంగా పోయిందని రిపోర్టు వచ్చింది. తీసిన చోట మాత్రం రెండంగుళాల పుండు మిగిలింది. నెత్తి మీది చర్మం సాగదు కాబట్టి కుట్టలేదు. కిందినుంచి, అంచులనుంచి అదే పూడుకొని రావాలన్నారు. రాఖీ పండుగ దాకా చూస్తామనీ, పూడకపోతే దవాఖానలో చేర్చుకొని తొడ చర్మం తీసి అతికిస్తామనీ చెప్పారు.

అతికించడం గురించి లింగమూర్తి భయపడలేదు. చేర్చుకోవడం గురించి భయపడ్డాడు. లింబాయత్‌లో వాళ్ల గల్లీ నుంచి ఆ ఏప్రిల్‌లో ముగ్గురు దవాఖానలో చేరారు. ముగ్గురిలో ఒక్కరూ ఇంటికి రాలేదు. రాఖీ లోపల గాయం పూడాలి. అతని ప్రాణమంతా అక్కడే ఉంది.

జూన్ మూడో వారంలో కట్టు మార్పించుకోవడానికి పోతే పాత డాక్టరు లేడు, కోవిడ్ వార్డు డ్యూటీకి వేశారట. ఆ కుర్చీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. హిందీలో అడిగింది.

“కాకా, ఉబ్బసం ఉందా? గుండెజబ్బు ఏమైనా?”

“గాయం నెత్తికి మేడమ్,” అన్నాడు లింగమూర్తి. “గుండె దాని పని అది చేసుకుంటున్నది.”

ఆమె నవ్విందో లేదో తెరలో కనబడలేదు. అతని మణికట్టు పట్టుకొని గోడ గడియారం చూస్తూ నిమిషంపాటు నాడి లెక్కపెట్టింది. తర్వాత చీటీ రాసి భార్య భాగీరథికి ఇచ్చింది.

“మాసీ, పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు. గాయమంతా పరుచుకోవాలి. పైన వాజలీన్ రాసి కట్టు కట్టండి. ఆరనివ్వొద్దు. తడి ఉంటేనే చర్మం అంచుల నుంచి పాకుతుంది. ఈ మందు అసలు వేరేదానికి. నెత్తి మీది గాయాలు తొందరగా పూడతాయని ఈ మధ్య కొందరు డాక్టర్లు వాడుతున్నారు. చూద్దాం.”

‘చూద్దాం’ అన్న మాట లింగమూర్తికి ముల్లులా గుచ్చుకుంది. సేఠ్ ఎవరూ ఎరగని కారఖానా నుంచి మొదటిసారి మాల్ తెప్పించినప్పుడు అనే మాట అదే. వచ్చే మాల్ మీద నమ్మకం ఉంటే ఎవరూ ఆ మాట అనరు.

మందుల షాపులో ఇచ్చింది చిటికెన వేలంత సీసా. ఇంటికొచ్చాక కూతురు సంగీత దాని మీది అక్షరాలు చదివింది. టెక్స్‌టైల్ మార్కెట్‌లో బిల్లులు కొట్టే పిల్ల, సూరత్‌లోనే పుట్టింది. తెలుగులో మొదలుపెట్టిన మాట గుజరాతీలో ముగిస్తుంది.

“అరె బాపు! ఆ తో ఆంఖ్‌నీ దవా ఛే!”

“ఏంది?”

“కండ్లమందు. కండ్లల్ల ప్రెషర్ పెరిగితే ఏస్తరట. టిమొలాల్.”

“నెత్తి పుండుకు కండ్లమందు ఇచ్చిండ్రా?”

“డాక్టరమ్మ చెప్పింది గదయ్యా, అసలు వేరేదానికని,” అంది భాగీరథి. ఆమె ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్లు అతికిస్తుంది. చేయి వణకదు. సీసా మూత తిప్పి అప్పటికే అతని తల వంచి పట్టుకుంది.

“వేరేదానికంటే కండ్లకని చెప్పాలె గద. ఎందుకు చెప్పలే?”

“నువ్వు గిట్ల గాయి చేస్తవని. కదలకు. ఒకటి… రెండు…”

నాలుగు చుక్కలు పడ్డాయి. చల్లగా ఉంది. మంట పుట్టలేదు. మంట పుట్టని మందు మీద అతనికి ఇంకో అనుమానం.

రెండ్రోజుల తర్వాత గంగారాం వచ్చాడు. లింగమూర్తితోపాటు ఒకే రైల్లో సూరత్ వచ్చి, ఇప్పటికీ సాంచాల మీదే ఉన్న మనిషి. ఏప్రిల్‌లో అతనికి కరోనా వచ్చి తగ్గింది. ఆ వెనకనే బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. ఎడమ కన్ను తీసేశారు. నల్ల అద్దాల వెనక దూది కనబడుతోంది. గుమ్మంలోనే కూర్చున్నాడు.

“ఏమన్నా, టోపీ పెట్టుకొని సేఠ్ లెక్క కూసున్నవ్?”

“నువ్వేమో నల్లద్దాలు పెట్టుకొని హీరో లెక్క వచ్చినవ్,” అన్నాడు లింగమూర్తి.

ఇద్దరూ నవ్వారు. భాగీరథి చాయ్ ఇచ్చింది. మాటల్లో గంగారాం చూపు గూట్లో ఉన్న చిన్న సీసా మీద ఆగింది.

“గదేంది, కండ్లల్ల ఏసే సీసా?”

“నెత్తికి ఇచ్చిండ్రు.”

గంగారాం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “నాకు గూడ మొదట్ల గసొంటి చుక్కలే ఏసిండ్రన్నా. ఏం గాదు, ఏం గాదు అన్నరు. తర్వాత కన్నే తీసిండ్రు.”

“నీది వేరు తమ్మీ, ఆయినది వేరు,” అని భాగీరథి అడ్డం వచ్చింది. ఆమె అంత తొందరగా అడ్డం రావడం లింగమూర్తి కనిపెట్టాడు.

ఆ రోజునుంచి అతను ఇంట్లో వాళ్లను తాకాలు చూసినట్టు చూడటం మొదలుపెట్టాడు. సంగీత ఫోన్లో డాక్టరమ్మ దగ్గరి నర్సుతో మాట్లాడుతూ బయటికి నడిస్తే ఎందుకు నడిచింది? కట్టు విప్పినప్పుడల్లా భాగీరథి “మంచిగనే ఉన్నది” అంటుంది. రోజూ అదే మాట, అదే గొంతు. పుండు ఒక్కరోజన్నా ఎక్కువ తక్కువ ఉండదా? ఆదివారం ఆదివారం సంగీత ఫొటో తీసి చూపించేది. గాయం గులాబీరంగులో తళతళలాడేది.

“నీ ఫోన్ నమ్మరాదు బిడ్డా. నీ మొఖాన్నే తెల్లగ చేస్తది. నా పుండును చెయ్యదా?”

“బాపు, అది సెల్ఫీకి. ఇది వెనక కెమెరా.”

“ఫోనైతే ఒకటే గద.”

అతను బీరువా అద్దానికి వీపు పెట్టి, చేతిలో గడ్డం గీసుకునే అద్దం పట్టుకొని, పోగులు లెక్కపెట్టే మడత భూతద్దం కంటికి ఆనించి, మెడ విరిగేంతగా తల వంచి చూసుకునేవాడు. అద్దంలో అద్దం, దానికి భూతద్దం. కనబడింది ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజల్లా బుడిపెలు బుడిపెలుగా ఉంది. కొత్త కండ అట్లనే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. బట్ట చూసే కంటికి మాత్రం అది చెడిపోయిన మాలే. మంచి బట్ట సమంగా ఉంటుంది, పొడిగా ఉంటుంది.

పొడి విషయంలో అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వానాకాలం వస్తే గోదాములో తడితోనే యుద్ధం. ఒక్క తాకా చెమ్మ తగిలితే వారంలో దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు లేస్తాయి. పక్క తాకాకు పాకుతాయి. పద్దెనిమిది వానాకాలాల్లో గోడవారన ఎన్ని తాకాలు అట్లా పోయాయో చూశాడు. టీవీలో బ్లాక్ ఫంగస్ అన్నప్పుడు అతనికి వేరే బొమ్మ ఏదీ రాలేదు, ఆ నల్లచుక్కలే వచ్చాయి. తడి పెడితే బూజు రాక ఏం వస్తుంది? డాక్టరమ్మ తడి ఆరనివ్వొద్దంటోంది. పైగా కండ్లమందు ఇచ్చింది. అంటే నెత్తి మీద మొదలైంది కండ్లకు దిగుతుందని ఆమెకు ముందే తెలుసు. తెలిసీ చెప్పట్లేదు.

గోదాములో మాల్ మీద తగాదా వస్తే తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. గజం ముక్క కోసి దాన్ని రెండు చేస్తారు. ఒకటి రంగుమిల్లుకు పోతుంది, ఒకటి సేఠ్ బీరువాలో ఉంటుంది. తర్వాత రెండూ పక్కపక్కన పరిచి చూస్తారు. లింగమూర్తి తన నెత్తిని అట్లనే రెండు చేశాడు. ఎడమ సగం డాక్టరమ్మది. కుడి సగం తనది.

భాగీరథి ఏడున్నరకు చుక్కలు వేసి కట్టు కట్టేది. తొమ్మిదికల్లా అతను గోదాములో తాకాల వెనక నిలబడి, కట్టు కుడివైపు లేపి, ఆ సగాన్ని పొడిగా తుడిచేవాడు. సాయంత్రం కట్టు తర్వాత డాబా మీదికి పోయి మళ్లీ అదే పని. తుడవడానికి గోదాములో దొరికేవి చిందీలే, తాకాల చివర కత్తిరించి పారేసే ముక్కలు. కొత్తవి, శుభ్రంగా కనబడేవి ఏరుకునేవాడు. పాలిస్టర్ నీళ్లు పీల్చదని అతనికి తెలియనిది కాదు. అందుకే రెండుసార్లు రుద్దేవాడు.

మూడు వారాలకు కుడి సగం గట్టిపడింది. వేలితో తడిమితే గరుకుగా, చెక్కలా తగిలింది. లింగమూర్తి సంబరపడ్డాడు. ఆరింది. అదే పొద్దున బీరువా అద్దం దగ్గర భూతద్దం పెట్టి చూశాడు.

నల్లగా ఉంది.

ఎడమ సగం గులాబీరంగులో, అంచు లోపలికి జరిగి ఉంది. కుడివైపు మొత్తం నలుపు. అతని చేతిలోంచి చిన్న అద్దం జారి మంచం మీద పడింది. భాగీరథి వంటగదిలోంచి వచ్చింది.

“ఏమయ్యా, ఏమైంది?”

“ఏం లేదు. నా కండ్లు ఎట్లున్నయి?”

“కండ్లకేంది? ముందట నన్ను చూస్తున్నయి.”

“వాపు ఉన్నదా? నిజం చెప్పు.”

“నిద్రలేదు నీకు. గదే వాపు,” అంది. అని అతని తల వంచి చూసి ఆగిపోయింది. “గిదేంది, రోజుకింత నల్లగైతున్నది! నిన్న మాడిన పక్కు అనుకున్న. నడువు, దవాఖానకు.”

“చూసినవా, నిన్ననే చూసినవ్. చెప్పలే!”

“చెప్తే నువ్వు నిద్రపోతవా?” అని ఆమె అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

డాక్టరమ్మ కాగితపు కొలబద్ద గాయం మీద పెట్టి ఎడమవైపు కొలిచింది. తల ఊపింది. కుడివైపుకొచ్చి ఆగింది. ఉప్పునీళ్ల దూది ఆ నలుపు మీద పెట్టి పది నిమిషాలు నానబెట్టింది. ఆ పది నిమిషాలూ లింగమూర్తి నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పట్టకారతో మెల్లగా లేపింది. నల్లటి పెచ్చు ఊడొచ్చింది. కింద పచ్చిగా, రక్తం చెమ్మతో, మూడు వారాల కింద ఎంత ఉందో అంతే ఉంది. పెచ్చులోంచి సన్నటి పోగు ఒకటి లాగి స్టీలు పళ్లెంలో వేసింది. తర్వాత ఇంకొకటి.

“మాసీ, ఏదో గుడ్డతో రుద్దుతున్నారా? దారాలు ఇరుక్కొని రక్తం ఎండిపోయింది. నేను గాజుగుడ్డ తప్ప ఏదీ వద్దన్నాను కదా.”

“నేనా మేడమ్?” భాగీరథి గొంతు లేచింది. “వాజలీన్ డబ్బా కూడ వేరే పెట్టిన. చేతులు రెండుసార్లు కడుక్కుంట. గుడ్డ ఎందుకు పెడత?”

“ఇంట్లో మీరు తప్ప ఎవరు ముట్టుకుంటారు?” డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసింది. “సరే, అది వదిలేయండి. సగం వచ్చి సగం ఆగిపోయిందంటే ఈ మందుతో కాదు. ఇంకా ఆగితే కింద ఎముక ఎండిపోతుంది. సోమవారం చేరండి. తొడ చర్మం వేద్దాం.”

లింగమూర్తి పళ్లెంలోకి చూశాడు. స్టీలు పళ్లెంలో పోగు మెరుస్తోంది. మామూలు పోగు కాదు. శ్రావణం చీరల కోసం వచ్చిన మెరుపు మాల్, పది రోజులుగా తన బల్ల మీద నడుస్తున్నదే. ఆ గదిలో ఇంకెవరికీ ఆ పోగు ఆనవాలు తెలియదు, తనకు తప్ప. మాట్లాడకపోతే తప్పు భాగీరథి మీద పడి ఊరుకుంటుంది, సోమవారం తను చేరాలి. మాట్లాడితే మందు కుడివైపు పని చేయలేదన్న లెక్క తప్పని తేలుతుంది, చేరే గండం తప్పొచ్చు. కానీ ఇన్నేళ్లూ బల్ల దగ్గర వేరేవాళ్లకే చూపించిన వేలు తనవైపు తిప్పుకోవాలి.

“మేడమ్,” అన్నాడు. “అది మా గోదాము చిందీ.”

“అంటే?”

“నేనే తుడిచిన. కుడి దిక్కు. రోజుకు రెండుసార్లు. మందు ఉండనియ్యలే.”

భాగీరథి అతనివైపు తిరిగింది. పైనుంచి కిందికి చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

“ఒక్క కుడివైపే ఎందుకు?” డాక్టరమ్మ అడిగింది.

అతను చెప్పాడు. కండ్లమందు, గంగారాం కన్ను, గోదాములో బూజు, సగం మిల్లుకు సగం బీరువాకు. హిందీ తడబడిన చోట భాగీరథి అందించలేదు. అంతా విని డాక్టరమ్మ టార్చి వేసి అతని రెండు కళ్లూ, ముక్కూ, అంగిలీ చూసింది.

“మీకు కరోనా రాలేదు, షుగర్ లేదు. ఆ జబ్బు లేదు మీకు. తడి వాజలీన్‌తో అది రాదు. కండ్లమందని నేను విప్పి చెప్పకపోవడం నా తప్పే. గుండె సంగతి అడిగింది కూడా అందుకే, ఆ మందు ఒంట్లోకి పోతే నాడి నెమ్మదిస్తుంది.”

“అయితే ఎడమ దిక్కు మందుతోనే పూడిందా?”

“అది నేను చెప్పలేను కాకా. ఒక్క తలకాయను సగం చేస్తే రుజువు కాదు. కుడివైపు మందు లేక ఆగిందో, మీరు రుద్ది రుద్ది చెడగొట్టారో ఎవరికి తెలుసు? అంచులు బాగానే ఉన్నాయి కాబట్టి ఇంకో నాలుగు వారాలు ఇస్తాను. ఆగస్టు రెండో వారానికి కుడివైపు సగమన్నా పూడకపోతే నా మాట వినాలి.”

ఎవరికి తెలుసు అన్న ఆ ఒక్క ముక్క లింగమూర్తికి నచ్చింది. ఫస్ట్ క్లాస్ మాల్ అని చెప్పని మొదటి మనిషి ఆ దవాఖానలో ఆమే.

ఆటోలో భాగీరథి అతనికి ఎడంగా జరిగి కూర్చుంది. రింగురోడ్డు దాటాక అంది.

“డాక్టరు ముందట నన్ను దొంగను చేస్తివి.”

“చెప్పిన గద, నేనే అని.”

“పోగు దొరికినంక చెప్పినవ్. దొరకకపోతే?”

లింగమూర్తి ఆటో అద్దంలో తన టోపీ సర్దుకున్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ భాగీరథి గోదాముకే వచ్చేది. బస్తా మీద కూర్చోబెట్టి కట్టు విప్పి చూసి మళ్లీ కట్టేది. కారఖానా మనుషులు చూసి నవ్వేవాళ్లు. “లింగూభాయ్, ఇప్పుడు మీ మీద చెకింగ్ పెట్టారా?” అంటే అతను తల ఇంకా వంచేవాడు. చిందీల బుట్టను భాగీరథి అతని బల్ల దగ్గరినుంచి తీయించేసింది. అయినా అతను అతనే. సీసా అయిపోయి కొత్తది కొన్నప్పుడు మందులషాపు మనిషి ముందే సీలు విప్పించాడు. పాత సీసా మీది అక్షరాలూ కొత్తదాని మీది అక్షరాలూ సంగీతతో ఒక్కొక్కటి పోల్చి చదివించాడు. చుక్క వేసే ముందు, వేసిన తర్వాత నాడి పట్టుకొని లెక్కపెట్టుకునేవాడు. ఒకరోజు రెండు తక్కువొస్తే చాయ్ మానేసి అరగంట పడుకున్నాడు.

ఆగస్టు రెండో వారం. డాక్టరమ్మ కొలబద్ద పెట్టి చూసింది.

“బహుత్ అచ్ఛా కాకా. చేరే పని లేదు.”

“అది చీటీ మీద రాసియ్యండి మేడమ్.”

రాసిచ్చింది. ఇంటికొచ్చాక ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకొని, కిటికీ దగ్గర ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. మడత భూతద్దం భాగీరథి చేతికిచ్చి తల వంచాడు. ఆ వస్తువు అతను ఎవరి చేతికీ ఇవ్వడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, అతను బట్ట మీద పెట్టినట్టే నెత్తి మీద ఆనించి, ఎడమనుంచి మొదలుపెట్టి మెల్లగా జరిపింది.

“ఏమున్నది?”

మంచిగున్నది అనలేదు ఆమె. చాలాసేపు చూసింది.

“ఎడమ దిక్కు మూసుకున్నది. కుడి అంచుకు దగ్గర ఒకటి మిగిలింది. మినప్పప్పు అంత. ఎర్రగ. నడుమ చర్మం పల్చగ, ఒక ముడుత పడ్డది.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“సరిగ్గ చూసినవా?”

“రెండుసార్లు లాగిన,” అంది భాగీరథి.

లింగమూర్తి తల ఎత్తాడు. భూతద్దం తీసుకొని మడిచి జేబులో వేసుకున్నాడు. టోపీ పెట్టుకొని, టిఫిన్ డబ్బా అందుకొని గోదాముకు బయల్దేరాడు.